సీలు నీళ్ళు

జూన్ 17, సోమవారం

అన్నంలో రాయి వచ్చిందనుకున్నాను. బియ్యం నేనే ఏరాను, నన్ను నేనే తిట్టుకున్నాను. హర్షిత నోట్లోంచి తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. రాయి కాదు. పన్ను. ముందరి పన్ను ముక్క.

నొప్పి లేదంట. ఏడవలేదు. అద్దం దగ్గరికి పోయి, పెదవి పైకెత్తి చూసుకుని, వచ్చి మళ్ళీ కంచం ముందు కూర్చుంది. మిగతా అన్నం తినలేదు.

పదిహేనేళ్ళ పిల్ల. పదో తరగతి మొదలై నాలుగు రోజులు.

వాళ్ళ నాయన ఆ ముక్కను వేళ్ళతో నలిపి చూశాడు. "సున్నం మాదిరి ఉండాదే ఇది," అన్నాడు. అని, మూలనున్న నీళ్ళ క్యాను వైపు తిరిగాడు. ఇంకేం, దొరికిపోయింది దొంగ.

జూన్ 18

మా ఊళ్ళో ఏ పన్ను రంగు మారినా నీళ్ళే. ఏ మోకాలు వంకర పోయినా నీళ్ళే. అత్త మోకాళ్ళు, నా పళ్ళు, పైవీధి వాళ్ళ నడుములు... అన్నిటికీ ఒకటే జవాబు. తప్పు కూడా కాదు. పదేళ్ళుగా అంగన్‌వాడీలో తల్లులను చాప మీద కూర్చోబెట్టి చెప్తున్నది నేనే కదా. బోరు నీళ్ళు తాపొద్దండి, ఫ్లోరైడ్ ఉంటుంది, ప్లాంటు నీళ్ళు తెచ్చుకోండి అని.

ఈరోజు అత్త ఒక మాట అనింది. గడప మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే.

"నీళ్ళ పండ్లు ఎర్రగుంటాయి గానీ ఇరగవు. నావి చూడు, ఇప్పుడు గూడా చెరుకు కొరుకుతా. పాపకు ఇంకేందో ఉండాది."

నేను గిన్నె గట్టిగా పెట్టాను. అత్తకు వినపడాలనే.

జూన్ 19

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను.

సీలు నీళ్ళు.

కంబదూరు పక్క మా పుట్టింటి బోరు ఒక శాపం. పన్నెండేళ్ళకే నా ముందరి పళ్ళు నాలుగూ డికాషన్ రంగు. పెళ్ళిచూపుల నాడు పెద్దమ్మ నా చెవిలో, నోరు తెరవొద్దు, తల మాత్రం ఊపు అనింది. పెళ్ళి ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నేను నవ్వలేదు. ఈరోజుకీ నవ్వొస్తే చెయ్యి ముందు, నవ్వు తర్వాత. హర్షిత పుట్టినప్పుడు ఆస్పత్రి మంచం మీదే అనుకున్నాను... దీనికి నా పళ్ళు రాకూడదు. ఏం చేసైనా సరే రాకూడదు.

అప్పటికి ఊళ్ళో ప్లాంటు లేదు. ఇంట్లోకి టౌను నుంచి క్యాను తెప్పించేవాళ్ళం. బయటికి పోతేనే భయం. బంధువుల ఇళ్ళు, పెళ్ళిళ్ళు, బస్టాండ్లు. ఎవరు చెంబు ఇచ్చినా ముట్టనిచ్చేదాన్ని కాదు. ఆ చెంబులోకి నీళ్ళు ఏ బోరులోంచి వచ్చాయో నాకేం తెలుసు? సీలున్న సీసా అయితే నమ్మకం. మూత తిప్పగానే టక్ మంటే మంచిది. అంతే నా సైన్సు. పల్లె అంగళ్ళలో నీళ్ళ సీసా ఎవరు పెడతారు? కూల్‌డ్రింక్ మాత్రం ఎక్కడైనా ఉంటుంది. మూడేళ్ళ పిల్ల చేతిలో ఆరెంజిది పెట్టి, ఇదిగో సీలు నీళ్ళు, ఇవి మంచివి అన్నాను.

పేరు అట్లా పడిపోయింది. నల్లదైనా, నిమ్మకాయదైనా, ఏ రంగుదైనా మా ఇద్దరికీ సీలు నీళ్ళే. దానికి మాటలు సరిగ్గా రానప్పుడు, అంగడి కనపడితే చాలు, చీలు నీల్లు అని నా కొంగు పట్టుకుని లాగేది. ఎంత ముద్దొచ్చేదో.

వాళ్ళ నాయనకు ఈ మాట వేరేగా అర్థమైంది. నా కూతురు బయటికి పోతే సీలు నీళ్ళే తాగుతాది అని నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. నీళ్ళ సీసా అనుకుంటాడు పాపం. పండగకో పబ్బానికో ఒక డ్రింకు తాగుతుందని తెలుసు, అంతే. నేను సరిదిద్దలేదు. సరిదిద్దేంత పెద్ద విషయం అనిపించలేదు...

ఇది కూడా అబద్ధమే. అనిపించింది. చాలాసార్లు అనిపించింది.

జూన్ 21, శుక్రవారం

అనంతపురం పోయి వచ్చాం.

పళ్ళ డాక్టరు చిన్న వయసు అమ్మాయి. హర్షితను వాలు కుర్చీలో పడుకోబెట్టి, లైటు వేసి, చిన్న అద్దంతో పళ్ళ వెనకంతా చూసింది. ఆమె అడగకముందే నేను మొదలుపెట్టాను. మా వైపు నీళ్ళు, ఫ్లోరైడ్, నేను అంగన్‌వాడీ టీచర్‌ని మేడం, నాకు తెలుసు... ఎంత తెలివి నాకు. మాటల హడావుడిలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయాను.

ఆమె తలెత్తి నా మొహం చూసింది. "ఇది ఫ్లోరైడ్ కాదమ్మా. ఫ్లోరైడ్ పండ్లంటే మీవి."

మెత్తగానే అనింది. నాకు తల తీసేసినట్టయింది.

పాపవి కరిగిపోతున్నాయంట. పైపొర పోయిందంట. పులుపో, గ్యాసో ఉన్నది ఏదో రోజూ పళ్ళకు తగులుతోందంట. "ఏం తాగుతావు పాపా?" అని అడిగింది.

హర్షిత నోరు తెరిచే ఉంది. కళ్ళు మాత్రం నా మీదికి తిప్పింది. నేను గోడ మీది పళ్ళ బొమ్మ చూస్తూ నిలబడ్డాను.

"సీలు నీళ్ళే మేడం," అనింది.

డాక్టరు మంచిది అనింది. సీలున్న నీళ్ళు అనుకుంది. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. ఆ మాటకు ఇంకో అర్థం ఉందని ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఇద్దరమూ ఆ గదిలోనే ఉన్నాం. మరి పులుపు ఏమైనా తింటుందా అని అడిగితే, చింతకాయలు మేడం, ఉప్పూకారం అద్దుకొని తింటాది అన్నాను. చింతకాయలతో ఇంత కావాలంటే చెట్టు మీదే కాపురముండాల అని నవ్వింది. నేను కూడా నవ్వాను. సిగ్గులేనిదాన్ని.

రెండు పళ్ళకు తొడుగులు వేయాలి. ఇంకో ఆరు పళ్ళు కనిపెట్టుకుని ఉండాలి. మామూలు నీళ్ళు బాగా తాపించండి, కూల్‌డ్రింకులు ఉంటే పూర్తిగా మాన్పించండి అని చీటీ మీద రాసి ఇచ్చింది. నాలుగు మడతలు పెట్టి పర్సులో అడుక్కి తోశాను.

బస్టాండులో బస్సు కోసం గంట సేపు. ఒకటే ఎండ. పిల్ల ఏమీ అడగలేదు. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. నేనే లేచి పోయాను. నేనే ఆరెంజిది ఒకటి తెచ్చాను. ఇద్దరం చెరి సగం తాగాం.

దప్పికయింది. అంతే. వేరే కారణం వెతికినా దొరకలేదు.

జూన్ 22

నిన్న బస్సు దిగి ఇంటికి రాగానే ఆయన ఎద్దులకు మేత వేస్తూ అడిగాడు, డాక్టరు ఏమనిందని.

"నీళ్ళ సంగతి చూసుకోమన్నాది," అన్నాను.

నీళ్ళు తాపించమనింది ఆమె. నీళ్ళ సంగతి చూసుకోమనిందని నేను. రెండింట్లోనూ నీళ్ళు ఉన్నాయి కదా. ఇంత నేర్పు నాకు ఎక్కడ నుంచి వచ్చిందో.

ఆయన మేత అక్కడే పడేశాడు. "నేను చెప్పలే? ఆ ఖాజా మిషన్ కడిగి ఎన్నాళ్ళయిందో," అన్నాడు.

ఖాజా మా ఊరి నీళ్ళ ప్లాంటు చూసుకునే మనిషి. ఇంతకుముందు బండ్లు బాగుచేసేవాడు. నేను అప్పుడే నోరు తెరవాల్సింది. కాదు, ఖాజాది ఏమీ లేదు అనాల్సింది. పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వచ్చేశాను. పాలు లేవు.

జూన్ 24

పిల్లలకు రాగిజావ పోస్తుంటే ఆదిలక్ష్మి గుర్తొచ్చింది. పోయిన ఏడాది సంగతి. దాని చంటిది ఏడుస్తోందని పాలసీసాలో కూల్‌డ్రింక్ పోసి నోటికి పెట్టింది. నేను పదిమంది తల్లుల ముందు దాన్ని దులిపేశాను. నువ్వు తల్లివా, బుద్ధి ఉందా, చదువుకోలేదా అని. పద్దెనిమిదేళ్ళ పిల్ల అది. తలొంచుకుని సీసా కొంగు కింద దాచుకుంది. అప్పుడు నా సంచిలో, అంగన్‌వాడీ బీరువా వెనకే, సాయంత్రం హర్షితకు ఇవ్వడానికి కొన్న సీసా ఉంది.

అది కూడా గుర్తుంది నాకు. అన్నీ గుర్తున్నాయి.

జూన్ 26

హర్షిత బడిసంచి చూశాను. దొంగలాగా, అది స్నానానికి పోయినప్పుడు. నోటుబుక్కుల కింద రెండు చిన్న సీసాలు. ఒకటి ఖాళీ. ఒకటి సగం ఉంది, గ్యాసంతా పోయి కషాయంలాగా అయింది. నేను వారానికి రెండో మూడో అనుకుంటున్నాను. అది రోజూ రెండంట.

జడ వేస్తూ అడిగాను. కోప్పడకుండా. కోప్పడే మొహం నాకెక్కడుంది? నిదానంగా చెప్పుకొచ్చింది. ఒక్క గుటక తాగి, నోట్లోనే కాసేపు పెట్టుకుని, క్లాసు క్లాసుకూ ఇంత ఇంత. బళ్ళో పదకొండు దాటితే ఆడపిల్లల బాత్రూంలో నీళ్ళు రావు. అందుకని ఎవరూ నీళ్ళు తాగరు. ఇదైతే నాలుక చురుక్కుమంటుంది, దప్పిక తీరినట్టు ఉంటుంది. వాళ్ళ జట్టులో ఆరుగురూ అంతే. ఎవరికి మార్కులొచ్చినా పెద్ద సీసా ఒకటి కొని గుండ్రంగా కూర్చుంటారు. ఒకరోజు ఇంటి నుంచి నీళ్ళ సీసా తీసుకుపోతే, ఏమే అంగన్‌వాడీ పాపా, జావ కూడా తెచ్చినావా అని ఏడిపించారంట. ఫోన్లో చూస్తే పెద్దపెద్ద ఆటగాళ్ళు, హీరోలు అదే తాగి నవ్వుతుంటారు. అందరివీ తెల్లటి పళ్ళు. నేను కూడా అదే చూసి నమ్మాను కదా. తెల్లటి పళ్ళవాళ్ళు తాగేది మంచిదే అయ్యుంటుందని.

చివరికి అద్దంలో నన్నే చూస్తూ అనింది. "బళ్ళో ట్యాంకు నీళ్ళు ముట్టొద్దని నువ్వే కదమ్మా చెప్పింది. సీలు లేనిది తాగొద్దని."

జడ వేయడం అయిపోయింది. మళ్ళీ విప్పి మళ్ళీ వేశాను. చేతులకు ఏదో ఒక పని కావాలి కదా.

జూన్ 28

మబ్బు పట్టింది. పోయింది. విత్తనానికి వాన పడి నేల పదును కావాలని ఆయన రోజంతా ఆకాశంకేసే చూస్తున్నాడు. ఆ కోపమంతా ఖాజా మీదే పెడుతున్నాడు.

జూన్ 30, ఆదివారం

ప్లాంటు దగ్గర గొడవ అయింది. నేను పోలేదు. అత్త పోయి వచ్చి చెప్పింది. మా ఆయన హర్షిత పన్ను ముక్కను కాగితంలో చుట్టుకుని పోయి అందరికీ చూపించాడంట. టీచరే డాక్టరు దగ్గరికి పోయి కనుక్కొని వచ్చింది, నీళ్ళ వల్లనే అన్నాడంట. నా పేరు మీద. ఖాజా ఫిల్టరు మార్చిన రోజులు రాసిపెట్టుకున్న పుస్తకం తెచ్చి చూపిస్తే ఎవరూ చూడలేదంట. టీచర్ చెప్పిందంటే ఇంక పుస్తకమెందుకు అన్నారంట.

ఈ ఊళ్ళో నా మాటకు అంత విలువ ఉందని ఇప్పుడే తెలిసింది.

జూలై 2

ఖాజా అంగన్‌వాడీకి వచ్చాడు. పిల్లలు పడుకుని ఉన్నారు. ఎప్పటిలాగే క్యాను భుజాన మోసుకుని వచ్చి, స్టాండు మీద ఎక్కించి, చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అక్కా, నా బిడ్డలు గూడా ఆ నీళ్ళే తాగుతాండారు. తప్పుంటే తప్పని చెప్పు, తాళం నేనే ఇచ్చేస్తా. డాక్టరు రాసిన చీటీ ఒక్కసారి చూపియ్యి చాలు."

చీటీ నా పర్సులో ఉంది. పర్సు నా చంకలో ఉంది.

"యాడ పెట్టినానో ఖాజా, కనపళ్ళేదు," అన్నాను.

సరేలే అక్కా, కనపడితే చెప్పు అన్నాడు. నిద్రపోతున్న పిల్లల కాళ్ళు తొక్కకుండా చూసుకుంటూ, పక్కపక్కగా నడిచి బయటికి పోయాడు. నమ్మి పోయాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది.

జూలై 4

ప్లాంటుకు తాళం పడింది. నీళ్ళు పరీక్షకు పంపాలంట, రిపోర్టు వచ్చేదాకా తీయరంట. ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు. ఖాజా ఇంటి ముందు బండి చక్రం విప్పుకుని కూర్చుని ఉన్నాడని అత్త చెప్పింది.

జూలై 5

ఊరంతా మళ్ళీ బోరు దగ్గరే.

అంగన్‌వాడీలో పద్నాలుగు మంది పిల్లలు. క్యాను లేదు. మధ్యాహ్నం అన్నాలు తిని గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడ్డారు. బోరు నీళ్ళు నేనే పోశాను. ఈ చేత్తోనే. పదేళ్ళుగా వద్దు వద్దని చెప్పిన నీళ్ళు. ఆ చివరి గ్లాసు పిల్లదానికి ఇప్పుడిప్పుడే పళ్ళు పడి కొత్తవి వస్తున్నాయి. ఎంత తెల్లగా ఉన్నాయో. నీళ్ళు తియ్యగా లేవు టీచర్ అనింది. తాగు తల్లీ అన్నాను.

నన్ను ఏం చేసినా పాపం లేదు.

జూలై 6

ఆదిలక్ష్మి బిడ్డను చంకనేసుకుని వచ్చింది. బిడ్డ చేతిలో చిన్న సీసా, నల్లది. నేను చూడడం చూసి ముందే చెప్పేసింది. "ప్లాంటు లేదు కదా టీచర్. బోరు నీళ్ళకన్నా ఇదే మేలు. సీలుంటాది."

ఎవరు చెప్పారని అడిగాను.

"నువ్వే చెప్తాంటివి కదా, బయట సీలున్నదే తాపమని."

తల్లులకు నేను నీళ్ళ సీసా అని చెప్పాననే అనుకుంటున్నాను. ఏమో... చెప్పినప్పుడు నా మనసులో ఏ సీసా ఉందో. అంగట్లో ఫ్రిజ్ రెండు రోజుల్లో ఖాళీ అయిందంట. అంగడాయన ఇంకో ఫ్రిజ్ తెప్పిస్తున్నాడంట.

రేపు బడి వరండాలో మీటింగ్. ఖాజాను తీసేసి వేరేవాళ్ళను పెట్టాలని. రేపు చెప్పేస్తాను. చీటీ తీసి పర్సు పైఅరలో పెట్టాను.

జూలై 7, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మగవాళ్ళు అరుగు మీద, మేము కింద పట్టా మీద. పంచాయతీ కార్యదర్శి కుర్చీలో. ఖాజా ఒక్కడే నిలబడి ఉన్నాడు, స్తంభం పక్కన. మా ఆయన లేచి మాట్లాడాడు. నేను చీటీ చేతిలో పట్టుకుని ఉన్నాను. ఆయన మాట అయిపోగానే లేస్తాను అనుకున్నాను. అయిపోయింది. ఖాజా చెప్పుకోవాల్సింది చెప్పుకోనీ, అప్పుడు లేస్తాను అనుకున్నాను. అతను కూడా చెప్పేశాడు. ఎక్కువ చెప్పలేదు. పుస్తకం చూడండన్నా అన్నాడు, అంతే. కార్యదర్శి ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగాడు. చీటీ చెమటకు తడిసి మెత్తబడింది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం...

హర్షిత లేచింది. అది వచ్చిందనే నాకు తెలియదు. వెనక ఆడపిల్లల్లో ఉందంట.

"నీళ్ళు కాదు," అనింది. "కూల్‌డ్రింక్ తాగి పోయినాయి నా పండ్లు. దినమూ తాగుతాండా. ఖాజా మామది ఏం లేదు. అమ్మకు తెలీదు."

విరిగిన పన్ను అందరికీ కనపడేటట్టే మాట్లాడింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

వెనక ఎవడో నవ్వాడు. మా ఆయన మొహం చూడలేకపోయాను. అమ్మకు తెలీదు అన్న మాట దగ్గర నేను సగం లేచాను. నిజంగా లేచాను. నా పక్కనున్న ఆమె నా చెయ్యి పట్టుకుని, కూర్చో టీచర్, నువ్వేం చేస్తావు, ఈ కాలం పిల్లలు అంతే అనింది.

కూర్చున్నాను.

జూలై 8

ప్లాంటు తెరిచారు. మా ఆయనే పోయి తాళం తీసి వచ్చాడు. ఖాజాతో ఏం మాట్లాడాడో చెప్పలేదు.

పొద్దున్నుంచి నన్ను ఓదార్చడానికి వస్తున్నారు. పదిమందికి బుద్ధి చెప్పే మనిషివి, నీ ఇంట్లో ఇట్లా జరగాలా అని. అంత జాగ్రత్తగా పెంచితివే అని. ఆదిలక్ష్మి కూడా వచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది నా కోసం. అందరికీ మజ్జిగ ఇచ్చాను. ఏడిస్తే ఇంకా జాలిపడతారని ఏడవలేదు. జాలి పడుతుంటే ఎంత హాయిగా ఉంటుందో, అది కూడా రాయాలి. మధ్యలో ఒక్క క్షణం నిజంగానే నాకేం తెలియదు అనిపించింది.

జూలై 9

ఖాజా దారిలో కనపడ్డాడు. పాపకు మంచి మనసుండాదక్కా, నీ పెంపకం అన్నాడు.

చచ్చిపోవాలనిపించింది.

జూలై 10

హర్షిత నాతో మామూలుగానే ఉంది. అదే భయంగా ఉంది. ఈరోజు బట్టలు మడతపెడుతూ, యాల అట్ల చెప్పినావు, అమ్మకు తెలీదని యాల అన్నావు అని అడిగాను.

దుప్పటి ఆ చివర అది పట్టుకుని ఉంది, ఈ చివర నేను.

"నువ్వు లేస్తావని చూసినా," అనింది. "లేచినావు గూడా. నేను చూసినా. మళ్ళా కూర్చున్నావు."

దుప్పటి మడిచి నా చేతిలో పెట్టి పోయింది.

జూలై 11

బళ్ళో దానికి కొత్త పేరు పెట్టారంట. చెప్పలేదు ఏమని. అత్తకు చెప్పిందంట, నాకు చెప్పలేదు.

జూలై 13

ఈ ఏడాది అయిపోగానే అనంతపురంలో ఇంటర్, హాస్టల్లో ఉండి చదవాలని హర్షిత ఆశ. ఆరో తరగతి నుంచి అదే మాట. నాలుగు ఊళ్ళు చూడాలి, లెక్కలు చదవాలి, బ్యాంకులో కూర్చోవాలి అని. ఆయన కూడా సరేనన్నాడు ఉగాదికి.

ఈరోజు అన్నం తింటూ లేదు అన్నాడు. హాస్టలూ లేదు, ఏమీ లేదు. "వాళ్ళమ్మ అంతగా చెప్పినా దొంగతనంగా తాగిన పిల్ల. కండ్ల ముందర ఉంటేనే ఇట్ల, ఆడికి పోతే ఎవరు చూస్తారు?" అన్నాడు.

దొంగతనంగా.

హర్షిత వడ్డిస్తోంది. నా కంచంలో పప్పు వేసింది. అమ్మే ఇచ్చింది నాయనా అని ఒక్క మాట అంటే అయిపోతుంది కదా. అనదు. పన్నెండేళ్ళ నుంచి నేను దాని చేతిలో సీసా పెట్టినట్టు, అది ఇప్పుడు నా చేతిలో ఈ మాట పెట్టి ఊరుకుంది. నేనే చెప్పాలి. నేను పప్పన్నం కలుపుకుని తిన్నాను. మొత్తం తిన్నాను.

జూలై 14

ఆయన పొలం పోయాక అద్దం ముందు చెప్పి చూసుకున్నాను. మూడు మాటలే. నేనే ఇచ్చినా, ఏమయ్యా. అద్దంలో బాగానే వచ్చింది.

జూలై 16, మంగళవారం

వాన పడింది. తెల్లవారుజామున మొదలై పది గంటలకు వదిలింది. మంచి పదును. ఆయన కాళ్ళ నిండా బురదతో వచ్చాడు, మొహం వెలిగిపోతోంది. నెలరోజుల తర్వాత ఆ మొహం అట్లా చూశాను. రేపే విత్తనం. నన్ను పిలిచి విత్తనపు వేరుశెనగ బుడ్డలు ముందు పోశాడు, ఏరమని. ఇద్దరం నడవలో ఎదురెదురుగా కూర్చుని పుచ్చులు తీసి పారేస్తున్నాం. ఏవో మాటలు చెప్తున్నాడు, ఈసారి పంట చేతికొస్తే అది చేద్దాం ఇది చేద్దామని. ఇంతకన్నా మంచి సమయం రాదనిపించింది.

చెప్పాను. నిజంగా చెప్పాను.

"ఏమయ్యా, పాపది దొంగతనం కాదు. నాకు తెలుసు అది తాగేది."

ఆయన చెయ్యి ఆగింది. గుప్పిట్లో బుడ్డలు అట్లాగే ఉన్నాయి. అరుస్తాడనుకున్నాను. అరిస్తే మిగతాది కూడా బయటికి వచ్చేదేమో. అరవలేదు. నా మొహంలోకి చూసి చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఎప్పటి నుంచి?"

మూడేళ్ళ పిల్లప్పటి నుంచి. నేనే పెట్టినా దాని చేతిలో. నాలుక మీదనే ఉంది.

"ఈ మధ్యనే," అన్నాను.

ఆయన గుప్పిట్లో బుడ్డలు కింద పోశాడు. నువ్వన్నా నాకు చెప్పి ఉండాల్సింది అన్నాడు. మళ్ళీ బుడ్డలు ఏరడం మొదలుపెట్టాడు. నా కూతురు చెడిపోలేదని ఏదో ఊరట వచ్చినట్టుంది ఆయనకు, గొంతు మెత్తబడింది. హాస్టల్ సంగతి తర్వాత చూద్దాంలే అన్నాడు. సగం నిజానికి సగం మంచి జరిగింది. అయిపోయిందిలే అనుకుని నేను కూడా ఒక గుప్పెడు ముందుకు లాక్కున్నాను.

తలెత్తితే హర్షిత వంటింటి గడపలో ఉంది. ఎప్పటి నుంచి ఉందో. అంతా వినింది.

"నాయనా, అన్నం పెట్టేదా?" అనింది.

ఆయనను అడిగింది. నన్ను అడగలేదు.